తప్పు నాది, కాదు, అక్కది

జూన్ 4

నిచ్చెనక్కకు,

చాక్‌పీసు నమస్కారాలు. ఇక్కడ అందరం కులాసా, ప్రింటర్ ఒక్కటి తప్ప. నువ్వూ కులాసాగానే ఉన్నావనుకుంటున్నాను. ఫోన్ ఎత్తి ఉంటే అనుకోవాల్సిన పని ఉండేది కాదు. వారం నుంచి చేస్తున్నాను, మోగకుండానే కట్టవుతోంది. నన్ను బ్లాక్ చేశావని నీ మరదలి అనుమానం. పని చేసే చోట సిగ్నల్ ఉండదేమో అన్నాను. "వైఫై పెట్టే మనిషికే సిగ్నల్ లేదంటే నేను నమ్మాలా?" అంది. అందుకే కాగితం, కలం పట్టుకున్నాను.

నువ్వు పెట్టిన కొత్త నెట్ గురించి ఏం చెప్పను. కింద హాల్లో పెద్ద పెట్టె, మెట్ల మలుపులో ఒకటి, మేడ మీద నా పాఠాల గదిలో ఒకటి, మూడూ తెల్లగా, నోరు మూసుకుని పని చేసుకుపోతున్నాయి. పాత పెట్టెలున్నప్పుడు నేను బోర్డు మీద త్రిభుజం గీస్తే పిల్లలకు రెండు గీతలే కనిపించేవి. మూడోది వచ్చేసరికి గంట అయిపోయేది. ఇప్పుడు "సార్, మీరు ఆగిపోయారు" అని చెప్పి హోంవర్కు ఎగ్గొట్టేవాళ్ళకు దారి లేదు. శాంపిల్ ఇల్లని చెప్పి మా ఇంటికి అన్నిటికంటే కొత్త రకం పెట్టావు. నువ్వు పని ఒప్పుకున్న ఆ నలభై ఫ్లాట్ల వాళ్ళు వచ్చి చూసినా నీకు గర్వంగానే ఉంటుంది.

చిక్కల్లా ఒకటే. కొత్త నెట్‌కు వేసిన తాళం మన పాత ప్రింటరుకు అర్థం కావడం లేదు, వీధి గుమ్మం గంటకూ అంతే. పాత సామాన్లకు వేరే పేరుతో ఇంకో నెట్ తెరవాలనీ, ఊరు చేరాక ఫోన్‌లోంచే తెరుస్తాననీ అన్నావు. మర్చిపోయినట్టున్నావు. పెట్టెల తాళంచెవి, అదే ఆ పెద్ద పాస్‌వర్డు, రాసి పంపితే నేనే తెరుచుకుంటాను.

అన్నట్టు, నువ్వు ఇక్కడున్నప్పుడే ఒకరోజు మందుల షాపు దగ్గర ఆ ఫ్లాట్ల కమిటీ కార్యదర్శి కనిపించారు. మీ అక్క పనితనం ఎలాంటిదని అడిగారు. నాకు తెలిసింది చెప్పాను.

నీ
చాక్‌పీసు


జూన్ 12

తమ్ముడికి,

ఉత్తరం అందింది. నిన్ను బ్లాక్ చేసిన మాట నిజమే. నా మరదలికి నీకంటే రెండు ఆకులు ఎక్కువే తెలుసు. ఫోన్‌లో నువ్వు మాట పంపుతావు, నేను చదివేలోపు చెరిపేస్తావు. "ఈ సందేశం తొలగించబడింది" అన్నది నీ ఇంటిపేరు అయిపోయింది. కాగితం మీద రాసింది చెరగదు, కాబట్టి ఇక నుంచి కాగితమే.

నీకు తెలిసింది చెప్పావా? చాలా బాగా చెప్పావు. మీ ఊరి నుంచి బస్సెక్కి గంట కాలేదు, కమిటీ నుంచి నోటీసు వచ్చింది. ఎవరో శ్రేయోభిలాషి సంతకం లేకుండా ఫిర్యాదు రాశాడట. నా పని నాసిరకమట, వైర్లు సరిగా కట్టడం కూడా రాదట. విచారణ పూర్తయ్యేదాకా పని ఆపారు. పదిహేడేళ్ళు వాళ్ళ కింద, వీళ్ళ కింద నిచ్చెనలు మోశాక నా సొంత పేరు మీద వచ్చిన మొదటి పెద్ద పని అది. పోతే మీ ఊళ్ళో ఇంకెవరూ నన్ను గుమ్మం ఎక్కనివ్వరు. ఇక్కడ ఒక గోదాములో ఇంకొకరి కింద కెమెరాలు బిగిస్తూ, పనివాళ్ళ గదిలో ఆరో మంచం మీద పడుకుంటున్నాను.

సంతకం లేకపోతే తెలియదనుకున్నావు. నోటీసులో ఆ ఫిర్యాదు ముక్క ఒకటి ఎత్తి రాశారు: "ఈమె కట్టిన వైర్లు గొంగళిలా ఉన్నాయి." గొంగళి! చిందరవందరగా కట్టి, కొసలన్నీ వెంట్రుకల్లా పైకి లేచిన వైర్ల కట్టకు ఆ పేరు పెట్టింది నాన్న. టెలిఫోన్ లైన్లు లాగిన ముప్ఫై ఏళ్ళూ ఆ మాట ఆయన నోట్లోనే ఉంది. ఆయన తర్వాత ఈ భూమ్మీద ఆ మాట అనే వాళ్ళం ఇద్దరమే. నేను నా మీద ఫిర్యాదు రాసుకోను కదా.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. అక్క పట్టింది. మూడు నెలలు నీ ఇంట్లో ఉంటే తిన్నింటి వాసాలు లెక్కపెడతానని భయపడ్డాను, లెక్కల మాస్టారివి, నువ్వు నా వాసాలు లెక్కపెట్టావు.

తాళంచెవి ఇవ్వను. పెట్టెలు నా ఖాతాలో ఉన్నాయి. వెనక పిన్ను గుచ్చి రీసెట్ చేసినా నేను వదిలేదాకా ఇంకొకరికి లొంగవు. చేసిన పని నీ చేత్తో కాగితం మీద రాసి ఒప్పుకో, అప్పుడు చూద్దాం. ఈలోపు నీ ఇంటి వైఫై పేరు ఒకసారి చూసుకో.

అక్క


జూన్ 19

అక్కకు,

చూశాను. నేనే కాదు, వీధంతా చూసింది. ఎవరు ఫోన్ తెరిచినా, చుట్టుపక్కల ఉన్న వైఫైల వరసలో "చాడీకోరు" అని పెద్దక్షరాలతో. పక్కింటి దంతవైద్యురాలు నవ్వు ఆపుకుంటూ "అది మీ ఇల్లేనా మాస్టారూ?" అని అడిగింది. కాదన్నాను. మా ఇంట్లోకి అడుగుపెట్టగానే ఆవిడ ఫోన్‌లో నాలుగు గీతలూ నిండాయి.

ఆ ఫిర్యాదు నేను రాయలేదు. నీ మరదలి మీద ఒట్టు. ఆ మాట వాళ్ళకు ఎలా వచ్చిందో నాకు తెలీదు. కార్యదర్శితో నేనన్నది ఒకటే, మా అక్క మొండిది, తనకు నచ్చేదాకా పని వదలదు అని. అది పొగడ్త.

అయితే "చాడీకోరు" అని చదివాక రెండు రోజులు నిద్ర పట్టలేదు. అసలు విషయం నీకు తెలిసిపోయిందని, ఫిర్యాదు సంగతి పైకి చెప్పే సాకని అర్థమైంది. సరే, చెప్పేస్తాను. నువ్వు పదో తరగతి తప్పావని నాన్నకు చెప్పింది నేనే. బడి గోడ మీద జాబితా చూసి పరిగెత్తుకుంటూ వచ్చి చెప్పాను. నాకప్పుడు పదకొండేళ్ళు. చెబితే సైకిల్ తొక్కనిస్తారనుకున్నాను.

ఎటూ మొదలుపెట్టాను కాబట్టి మిగతావీ రాస్తాను. నాన్న పనిముట్ల సంచీ ఇల్లు మారినప్పుడు పోలేదు. పాత ఇనుము కొనేవాడికి నేనే ఇచ్చేశాను. తుప్పు పట్టాయనుకున్నాను. మెట్ల మలుపులో నువ్వు పెట్టిన పెట్టె దీపం కళ్ళలో పడుతోందని దాన్ని నీ మరదలి ఇనప బీరువాలో పెట్టి తలుపు వేశాం. మేడ మీద నెట్ కాస్త తగ్గింది, నీకు చెప్పలేదు.

ఇంతకంటే నా దగ్గర ఏమీ లేదు. ఇక తాళంచెవి పంపు.

నీ
చాక్‌పీసు


జూన్ 27

తమ్ముడికి,

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నావు. నేనడిగింది ఒకటి, నువ్వు ఒప్పుకుంది మూడు, అడిగినదొక్కటే ఒప్పుకోలేదు.

పదో తరగతి సంగతి నాకు తెలియదు. ఇన్నాళ్ళూ బడి నుంచి కార్డు వచ్చిందనుకున్నాను. నాకు పోయింది ఒక్క సబ్జెక్టు, అదీ లెక్కలు. రెండు నెలల్లో మళ్ళీ రాసి, పాసయ్యాకే నాన్నకు చెబుదామని ఫీజు డబ్బులు డిక్షనరీలో దాచుకున్నాను. నువ్వు చెప్పిన సాయంత్రమే "చదువు వచ్చేవాడు చదువుతాడు, రానిది నాతో వస్తుంది" అని నాన్న నా భుజానికి నిచ్చెన ఎత్తారు. అప్పటి నుంచి దించలేదు. నువ్వు లెక్కల మాస్టారివయ్యావు. సైకిల్ తొక్కావా మరి?

పనిముట్ల సంచీ గురించి రాయడానికి నాకు చేతులు రావడం లేదు. ఆ కటింగ్ ప్లేయర్ పిడి మీద ఆయన బొటనవేలి గుంట ఉండేది. తుప్పట. నీ తలకాయలో ఉంది తుప్పు.

వైఫై పెట్టెను ఇనప బీరువాలో పెట్టేవాణ్ణి పదిహేడేళ్ళలో ఎక్కడా చూడలేదు. మా తమ్ముడే దొరికాడు. శాంపిల్ ఇల్లు చూడడానికి కమిటీ వాళ్ళు మేడెక్కి నిలబడితే, నెట్ అందక నా పరువు అక్కడే పోయి ఉంటుంది. ఫిర్యాదుకు ఇది కూడా సాక్ష్యమైందేమో.

ఇప్పుడు చూడు. కొత్త పెట్టెలతో ఒక సుఖముంది, ఒకే ఇంట్లోంచి మూడు పేర్లు పంపించవచ్చు, ఇంటిదొకటి, అతిథులదొకటి, పాత సామాన్లదొకటి. తెలుగులో ఒక్కో పేరుకు నాలుగైదు అక్షరాలకు మించి పట్టడం లేదు. కడుపునిండా తిట్టడానికి కూడా జాగా లేదు. అందుకని వాక్యాన్ని మూడు ముక్కలు చేసి మూడింటికీ పంచాను. నువ్వు నోటితో అనని మాట నీ ఇల్లే అంటుంది. వీధి చదువుకుంటుంది. కార్యదర్శి రోజూ పొద్దున మీ వీధిలోనే నడుస్తారని నువ్వే చెప్పావు. ఆయనా చదువుకుంటారు.

అక్క


జూలై 5

ప్రియమైన అక్కకు,

నీ మనసు ఇంత గొప్పదని తెలియక ఏదేదో అనుకున్నాను. నీ ఉత్తరం చదివి బాధపడుతూ బయటికొచ్చి, అరుగు మీద కూర్చుని ఫోన్ తెరిచాను. పైనుంచి కిందకు వరసగా మూడు పేర్లు:

తప్పు నాది
కాదు
అక్కది

నీకు నువ్వుగా ఒప్పుకుంటావని కలలో కూడా అనుకోలేదు. తప్పు నాది కాదు, అక్కది. అదీ నా ఇంటి పేరుతోనే, వీధి వీధంతా చదివేలా. ఉత్తరంలో అంత కోపంగా రాసి పైకి ఇలా చేశావంటే, నోటితో చెప్పడానికి మొహమాటపడ్డావని అర్థమైంది. అక్కవు కదా. నేను మాత్రం ఎలాంటి పట్టింపూ పెట్టుకోలేదు. క్షమించేశాను. నీ మరదలు "ఇందులో ఏదో తిరకాసు ఉంది" అంటోంది. ఆమెకు ఆనందం వస్తే అనుమానం వస్తుంది.

ఇస్త్రీ బండి అతను అడిగాడు, "మాస్టారూ, మీ అక్కగారు ఏం తప్పు చేశారు?" అని. కుటుంబ విషయంలే అని పెద్దరికంగా చెప్పాను. కార్యదర్శి కూడా పొద్దున మా గుమ్మం ముందు ఆగి, ఫోన్ చూసి, తల ఊపుకుంటూ వెళ్ళారు.

ప్రింటర్ సంగతి తొందరేం లేదు. నీ వీలు చూసుకుని తెరువు. బీరువాలోంచి పెట్టె తీసి మళ్ళీ మెట్ల మలుపులో పెట్టాం, దీపం మీద నీ మరదలు బొట్టుబిళ్ళ అంటించింది.

నీ ప్రియమైన
చాక్‌పీసు


జూలై 10

ఒరే,

నువ్వు నన్ను క్షమించావా? ఆ మాట చదివాక ఉత్తరం నలిపి పారేసి, మళ్ళీ తీసి సాపు చేసుకుని చదివాను, కళ్ళు మోసం చేశాయేమోనని.

నేను పెట్టిన వరస ఇది: తప్పు నాది, అక్కది, కాదు. తప్పు నాది, అక్కది కాదు. నువ్వు చెప్పాల్సిన మాట. నా ఫోన్‌లో వరస సరిగ్గానే ఉంది. బయటివాళ్ళ ఫోన్‌లో ఏ నెట్ గట్టిగా అందితే ఆ పేరు పైకి వస్తుంది. పాత సామాన్ల నెట్ నిదానమే గానీ గోడలు దాటుతుంది. దానికి "కాదు" అని పెట్టాను. అతిథుల నెట్‌ను కొత్త రకం తరంగాల మీద పెట్టాను. గదిలో దూకుడు, గోడ తగిలితే నీరసం. దానికి "అక్కది" అని పెట్టాను. దాంతో వీధిలోకొచ్చేసరికి "కాదు" రెండోదిగా ముందుకెళ్ళింది, "అక్కది" చివరికి పోయింది. ఇది మొదటి రోజు కుర్రకుంకకు నేర్పే సంగతి. కోపంలో నేను మర్చిపోయాను. పదిహేడేళ్ళ పనితనం నా మీదే తిరగబడింది, దాన్ని కార్యదర్శి గుమ్మం ముందు నిలబడి చదివి తల ఊపుకుంటూ వెళ్ళాడు.

దీనికి కూడా నువ్వే కారణం. నువ్వు ఆ ఫిర్యాదు రాయకపోతే నేను ఈ పేర్లు పెట్టేదాన్ని కాదు.

ఇక పేర్లతో ఆటలు లేవు. ఒక్కటే ఉంచాను, "వెన్నుపోటు". తెలుగులో సరిగ్గా ఇమిడిన మాట అదొక్కటే. రేపటి నుంచి సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా నీ ఇంట్లో నెట్ ఉండదు. అది నువ్వు పాఠాలు చెప్పే వేళ అని నాకు తెలుసు, అందుకే. నన్ను పనిలోంచి ఆపి నలభై నాలుగు రోజులు. నువ్వూ ఆగు. అప్పటికైనా నీ కలం కదులుతుందేమో చూస్తాను.

పెట్టెలు పీకి పారేస్తే పారెయ్. నాన్న సంచీని పారేసిన చెయ్యేగా.

అక్క


జూలై 21

తమ్ముడికి,

ఈ ఉత్తరం మూడోసారి మొదలుపెడుతున్నాను. మొదటి రెండూ చించేశాను.

మొన్న విచారణకు కాగితాలు సర్దుతుంటే, ఆ ఫ్లాట్లకు నేనిచ్చిన అంచనా పత్రం చేతికి తగిలింది. రెండో పేజీలో నా చేతిరాతే: "మీ భవనంలో ఇప్పుడున్న వైర్లు గొంగళిలా ఉన్నాయి, అన్నీ పీకి కొత్తగా వేయాలి." రాసినట్టు గుర్తే లేదు. ఆ పత్రాన్ని కమిటీ వాళ్ళు నెలరోజులు నోటీసు బోర్డులో అంటించారు. ఆ పాత వైర్లు వేసిన గుత్తేదారు రోజూ అక్కడికి వచ్చే మనిషే. నలుగురి ముందూ తన పనిని ఎవరో ఆడమనిషి గొంగళి అన్నదని అతనికి కడుపు మండింది. నా మాటనే తీసి నా మీద వేశాడు. ఫిర్యాదు అతనిదేనని నిన్న ఫోన్‌లో జరిపిన విచారణలో తేలింది. కాపలా అతను సాక్ష్యం చెప్పాడు.

నాన్న మాటను వీధిలో పడేసింది నేనే. దానికి నిన్ను కొట్టాను.

నేను నీకు ఎప్పుడూ క్షమించమని చెప్పలేదు, ఎలా చెప్పాలో కూడా తెలియదు. నువ్వు రాయలేదని ఒట్టు పెట్టావు, నమ్మలేదు. పాఠాల వేళ నెట్ కట్టేశాను. నీ పిల్లల్లో ఎందరు మానేశారో అడగడానికి భయంగా ఉంది. నువ్వు పదకొండేళ్ళప్పుడు చేసినదానికి నాకింకా కోపం ఉంది. ఉంటుంది. అది వేరే. దాని గురించి ఎదురెదురుగా కూర్చుని పోట్లాడుకుందాం. చేయని పనికి శిక్ష వేసినందుకు మాత్రం తప్పు నాదే, ఏ వరసలో చదివినా.

మూడు పెట్టెలనూ నా ఖాతాలోంచి ఈ ఉదయం వదిలేశాను. వదిలినప్పుడు కాసేపు దీపాలు ఎర్రగా మారతాయి, కంగారు పడకు. ఆ తర్వాత నెట్ ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది. తాళంచెవి ఈ కాగితం వెనక రాశాను. ప్రింటరుకు, గుమ్మం గంటకు వేరే నెట్ తెరిచాను, దానికి ఏ పేరూ పెట్టలేదు, నీ ఇష్టం.

ఒక్కటి అడుగుతున్నాను. పని నాకు తిరిగి ఇవ్వడానికి కమిటీ దాదాపు ఒప్పుకుంది. ఇదివరకు నేను నెట్ పెట్టిన ఇంటివాళ్ళు ఒకరు పనితనం గురించి రాసిస్తే చాలంది. శాంపిల్ ఇల్లు నీదే కాబట్టి కార్యదర్శి రెండు మూడు రోజుల్లో నీ దగ్గరికి వస్తారు. ఉన్నదున్నట్టు రాసివ్వు చాలు. నీ రెండు ముక్కల మీదే నా పని ఉంది.

నీ
అక్క


జూలై 21

అక్కకు,

నీ జూలై 10 ఉత్తరానికి జవాబు. మధ్యాహ్నం టపా వెళ్ళేలోపు డబ్బాలో వేయాలని తొందరగా రాస్తున్నాను.

పది రోజులుగా నాలుగింటికి నెట్ పోతోంది. మొదటి మూడు రోజులు ఫోన్ నెట్‌తో చెప్పాను. నేను సమీకరణం రాస్తుంటే కుడివైపు పిల్లలకు చేరేది కాదు. నాలుగో రోజు ఒక తల్లి ఫోన్ చేసి, "మాస్టారూ, మీ ఇంట్లో ఏవో గొడవలున్నాయట, మా పిల్లను వేరే చోట చేర్చాం" అంది. ఇరవై రెండు మందిలో ఇప్పుడు ఏడుగురు మిగిలారు. పెట్టెలు పీకేద్దామంటే నీ మరదలు పడనివ్వలేదు. "వదిన చేత్తో పెట్టింది, వదినే వచ్చి తీయాలి" అంది. ఇవాళ పొద్దున్నే నెట్ సతాయిస్తూ పెట్టెల దీపాలు ఎర్రగా మారితే, ఇంక పూర్తిగా కోసేశావని ఆమె కూడా ఏడ్చింది.

అదే సమయానికి కార్యదర్శి వచ్చారు. ఎల్లుండి రావాల్సింది, అటుగా వెళుతూ వచ్చేశానన్నారు. లోపలికి రమ్మన్నాను. మీ అక్కగారు చేసిన పని గురించి రాసివ్వండి అన్నారు.

నేను ఒక్క అబద్ధం కూడా రాయలేదు. లెక్కల మాస్టారిని, ఉన్న అంకెలే వేశాను. పెట్టెలు మంచివి, బిగింపు చక్కగా ఉంది అని మొదట రాశాను. తర్వాత, పెట్టిన మనిషి తాళంచెవి తన దగ్గరే ఉంచుకుంటుందని, ఇంటివాళ్ళతో పడకపోతే రెండు వందల కిలోమీటర్ల అవతల కూర్చుని ఇంటికి తిట్ల పేర్లు పెడుతుందని, రోజూ వేళకు నెట్ కట్టేస్తుందని, ఏ తేదీన ఏం చేసిందీ అన్నీ రాశాను. నీ ఉత్తరాలు కూడా చూపించాను. కాగితం మీద రాసింది చెరగదన్నావుగా. ఆయన నిలబడే చదివారు. "నలభై ఇళ్ళ తాళాలు ఈమె చేతికి ఎలా ఇస్తామండీ" అని, కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు.

ఆయన వెళ్ళగానే ఈ కాగితం, కలం తీసుకున్నాను. బాధపడతాననుకున్నాను. పడలేదు. చేయని తప్పుకు నెలన్నర శిక్ష అనుభవించాను, ఇక తప్పు చేయడం ఒక్కటే బాకీ అనిపించింది.

ఆ మొదటి ఫిర్యాదు ఎవరు రాశారో నాకు ఇప్పటికీ తెలీదక్కా. ఈ రెండోది మాత్రం నేనే రాశాను. కింద పూర్తి పేరు రాసి సంతకం కూడా పెట్టాను.

తమ్ముడు